తడి కంకర, లేత పాకం

అందరికీ నమస్కారం. తక్కువ వేడితో రోడ్డు తారు కలిపే వార్మ్ మిక్స్ పద్ధతి గురించి ఈరోజు మాట్లాడతాను.

అరిసెలు వండే ఇంట్లో పెరిగినవారికి బిటుమెన్, అంటే రోడ్డు తారు, పాఠం సగం ముందే తెలుసు. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పళ్లకు పని చెబుతుంది. తారు తీరు కూడా ఇదే. ఎంత వేడి చేస్తే అంతగా ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. రోడ్డు మీదికి చేరకముందే, ప్లాంటులోనే దాని ఆయుష్షు కొంత ఖర్చవుతుంది.

మరి అంతగా కాచడం ఎందుకు? పలుచబడితే తప్ప తారు ప్రతి రాయికీ అంటదు. మనం వాడే వీజీ-30 రకం తారుతో, తారు, కంకర కలిసిన మిశ్రమం 150 నుంచి 165 డిగ్రీల మధ్య తయారవుతుంది. పరిచేటప్పుడు 140కి తగ్గకూడదు. 90కి దిగేలోగా రోలర్ పని ముగియాలి. వార్మ్ మిక్స్‌లో ఇదే మిశ్రమాన్ని 20 నుంచి 40 డిగ్రీలు తక్కువ వేడితో కలుపుతారు. 1990ల రెండో సగంలో జర్మనీ, నార్వేలలో ఈ పద్ధతి రూపుదిద్దుకుంది. కూలీలు పీల్చే తారు పొగను తగ్గించాలన్నది అప్పటి ముఖ్య కారణాల్లో ఒకటి.

దీనికి దారులు మూడు. తారులో మైనం కలపడం ఒకటి, రాయికీ తారుకూ పొత్తు కుదిర్చే రసాయనం చేర్చడం మరొకటి. మూడోది నాకు ఇష్టమైనది: వేడి తారులోకి చిటికెడు నీరు పంపడం. ఆ నీరు ఆవిరై వెయ్యి రెట్లకు మించి వ్యాపిస్తుంది. తారు నురగలా పొంగి, కాసేపు తేలికగా రాళ్లను చుట్టుకుంటుంది.

నురగ పుట్టించిన ఆ నీరే కంకరలో మిగిలిపోతే శత్రువు. తడి రాయికి తారు పట్టదు. పట్టినట్టు కనిపించినా, రెండు వానాకాలాలు గడిచేసరికి పొరలా ఊడి వస్తుంది. వేడి తగ్గించిన ప్లాంటులో రాయి లోపలి తేమ పూర్తిగా పోకపోవచ్చు. వార్మ్ మిక్స్ మీద వచ్చే విమర్శల్లో నేను గట్టిగా పట్టించుకునేది ఇదొక్కటే. అందుకే మిశ్రమంతో చేసిన నమూనా దిమ్మెల్లో తడిపినవి పొడి దిమ్మెల బలంలో కనీసం 80 శాతం నిలబెట్టుకోవాలన్న పరీక్షను ఎవరూ మొక్కుబడిగా చేయకూడదు. రోడ్ల పనులకు ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లో వార్మ్ మిక్స్‌కు మార్గదర్శకాలు ఇచ్చి, 2019లో సవరించింది. ప్రతి సైట్ ఇంజనీరూ వాటిని ఒకసారైనా చదవాలి.

ఇక్కడ చిన్న లెక్క చెబుతాను. ఒక టన్ను కంకరను 30 డిగ్రీలు తక్కువ వేడి చేస్తే సుమారు 27 మెగాజౌళ్ల శక్తి మిగులుతుంది. అదే టన్నులో తేమ 1 శాతం పెరిగితే, అంటే 10 కిలోల నీరు చేరితే, దాన్ని ఆవిరి చేయడానికి దాదాపు అంతే ఖర్చవుతుంది. ఖరీదైన రసాయనం కొని, క్రషర్ రాతిపొడి గుట్టను వానకు వదిలేస్తే ఆదా ఎక్కడిది? గుట్ట మీద ఒక టార్పాలిన్, కింద నీరు నిలవని వాలు నేల ఉండాలి. ఇంతకంటే చవకైన సాంకేతికత నాకు తెలియదు.

చక్రాలు నడిచే చోట రోడ్డు దిగబడి పడే గాడుల సంగతీ అడుగుతారు. తారు ముదరలేదు కనుక కొత్త రోడ్డు కాస్త మెత్తగా ఉంటుంది. ప్రయోగశాలలో చక్రం తిప్పి చూస్తే ఈ తేడా తరచూ బయటపడుతుంది. కానీ అమెరికాలో మామూలు మిశ్రమం, వార్మ్ మిక్స్ రెండూ వేసి ఏళ్లపాటు గమనించిన రోడ్లలో గాడులు, పగుళ్లు మొత్తం మీద సమానంగానే కనిపించాయి. పొగ తగ్గి, ఇంధనం తగ్గి, రోడ్డు మాత్రం అంతే మన్నితే నాకు చాలు.

అసలు లాభం వేరేచోట ఉంది. నర్సీపట్నం వైపు నుంచి టిప్పర్ ఘాట్ ఎక్కి లంబసింగి చలిలోకి చేరేసరికి మామూలు మిశ్రమం చల్లబడి బిగుసుకుంటుంది. రోలర్ ఎన్నిసార్లు తిరిగినా లోపల ఖాళీలు మిగులుతాయి, నీరు అక్కడే చేరుతుంది. అలాంటి దూరాలకు వార్మ్ మిక్స్ రసాయనం వాడి, వేడి మాత్రం తగ్గించకుండా పంపండి. అణచడానికి వ్యవధి దొరుకుతుంది. పేరు వార్మ్ అయినా పని వేడిగానే చేయవచ్చు, తప్పులేదు.

ఒక్కటి మరిచాను. మన మేస్త్రీలు పొగను చూసి వేడిని అంచనా వేస్తారు. పొగ కనిపించకపోతే తారు కాగలేదని లోడు వెనక్కి పంపేవారూ ఉన్నారు. తప్పు వారిది కాదు, ఇన్నేళ్లూ వారికి పొగే కొలత. మొదటి రోజు పని మొదలుపెట్టే ముందు మేస్త్రీ చేతికి ఒక థర్మామీటర్ ఇచ్చి, టిప్పర్ దగ్గరే రీడింగ్ చూపించండి.