పైరు సగంలో ఉన్నప్పుడు వేయాల్సిన లెక్క

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

పైరు సగం వయసుకు వచ్చింది. దుక్కికి, విత్తనానికి, మొదటి ఎరువుకి, కలుపుకి పెట్టాల్సింది పెట్టేశారు. కోతకు ఇంకా టైముంది. ఇక మన చేతిలో ఏముంది, వాన మీద భారం వేయడమే కదా అని చాలామంది అంటుంటారు. నేను ఒప్పుకోను. ఈ నాలుగైదు వారాల్లో తీసుకునే నిర్ణయాలే చాలాసార్లు లాభమో నష్టమో తేలుస్తాయి. ఇంకో తడి పెట్టాలా, మందు కొట్టాలా, మరో బస్తా యూరియా వేయాలా, పంటలో కొంతకి ఇప్పుడే ధర మాట్లాడుకోవాలా, అప్పు గడువు సంగతేంటి... అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ టెన్షన్‌లో ఒక్కోటి ఒక్కో రకంగా తేల్చేస్తాం. పక్క పొలంలో కొట్టారని మందు కొడతాం, షాపతను చెప్పాడని ఇంకో బస్తా తెస్తాం.

ఇవాళ నేను అడిగేది ఒకటే. ఈ నిర్ణయాలన్నిటినీ గింజతో కొలవండి. ప్రతి ఖర్చునూ కిలో గింజ ధరతో భాగించి, ఇది ఎకరానికి ఎన్ని కిలోల గింజ అవుతుందో పక్కన రాసుకోండి.

అలా రాయాలంటే ముందు పొలంలో ఎంత పంట ఉందో తెలియాలి. మొక్కజొన్న తీసుకుందాం. ఎకరంలో వెయ్యో వంతు అంటే దాదాపు 4 చదరపు మీటర్లు. సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు ఉంటే, ఒక సాలులో 6 మీటర్ల 75 సెంటీమీటర్ల పొడవు. టేపు పెట్టి కొలిచి, అంతలో గింజ పట్టిన కంకులు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. 24 ఉన్నాయనుకుందాం, అంటే ఎకరానికి 24 వేల కంకులు. వాటిలో రెండు మూడు కంకులు ఒలిచి చూడండి. మీకు నచ్చినవి ఏరుకోవద్దు, ఏది చేతికొస్తే అది తీయండి. 14 వరసలు, వరసకు 30 గింజలు ఉంటే కంకికి 420. మొత్తం కలిపితే ఎకరానికి కోటి గింజలు. గింజ బాగా నిండి 0.3 గ్రాములు తూగితే 30 క్వింటాళ్లు, మామూలుగా 0.25 గ్రాములైతే 25, చివర్లో బెట్ట తగిలి 0.2 గ్రాములకే ఆగిపోతే 20. పొలంలో నాలుగైదు చోట్ల ఇలాగే చూసి సగటు తీయండి. గట్టు పక్కన బలంగా ఉన్న మొక్కల దగ్గరే కొలిస్తే ఆ అంకె మిమ్మల్నే ముంచుతుంది.

పీచు ఇప్పుడిప్పుడే వస్తున్న పొలమైతే ఇంకో పరీక్ష ఉంది. కంకిలో ప్రతి గింజకీ ఒక పీచు పోగు ఉంటుంది. ఆ పోగు మీద పుప్పొడి పడితేనే గింజ కడుతుంది. పీచు వచ్చి వారమైన కంకిని తెంపి, పొరలను చాకుతో నిలువునా కోసి, పీచు తెగకుండా నెమ్మదిగా విప్పండి. తర్వాత కంకిని అడ్డంగా పట్టుకుని దులపండి. ఫలదీకరణ జరిగిన చోట పోగు దానంతట అదే ఊడి రాలిపోతుంది, జరగని చోట అంటుకునే ఉంటుంది. కంకి కొనలో మాత్రమే కొన్ని పోగులు మిగిలితే భయం లేదు. సగం కంకికి పీచు వేలాడుతూ ఉంటే ఆ సగం గింజ ఇక రాదు. ఆ తర్వాత ఎంత యూరియా వేసినా, ఏ మందు కొట్టినా కట్టని గింజ కట్టదు. ఇది చూసి బాధపడేవాళ్లను చూశాను. అయినా కోతల రోజు తెలియడం కంటే ఇప్పుడే తెలియడం మేలు, ఎందుకంటే ఇప్పుడు కనీసం మిగతా ఖర్చు ఆపుకోవచ్చు.

నీళ్ల దగ్గర మాత్రం నేను లోభించమని చెప్పను. పూత, పీచు సమయంలో మొక్కజొన్న రోజుకు 7 నుంచి 8 మిల్లీమీటర్ల నీరు తాగుతుంది. అప్పుడు ఆకులు పొద్దున్నే చుట్టుకుపోయేంత బెట్ట తగిలితే, ఒక్కో రోజుకీ దిగుబడిలో కొన్ని శాతం చొప్పున పోతూ ఉంటుంది. 25 క్వింటాళ్ల పంటలో రోజుకు 4 శాతం పోయినా రోజుకో క్వింటాలు పోయినట్టే. ఒక తడికి అయ్యే డీజిల్, కూలి కలిపి ఎన్ని కిలోల గింజో లెక్క వేస్తే జవాబు వెంటనే దొరుకుతుంది. నీళ్లు తక్కువున్నవాళ్లు ఆ ఉన్న తడిని మొదట పీచు దశకు, తర్వాత గింజ పాలు పోసుకునే దశకు దాచుకోవాలి.

వరిలో ఆ ఇరుకు సమయం వేరేగా వస్తుంది. వెన్ను బయటికి రావడానికి సుమారు 30 రోజుల ముందే అంకురం మొదలవుతుంది, కంటికి కనపడదు. చివరి యూరియా అప్పుడే పడాలి. పూత సమయంలో వేడి 35 డిగ్రీలు దాటితే, ఒక గంటపాటైనా సరే, తాలు గింజలు పెరుగుతాయి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన ఆరుతడి పద్ధతిలో, రంధ్రాలున్న పైపును మడిలో పాతి, నీటి మట్టం నేల పైభాగం నుంచి 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే మళ్లీ నీళ్లు పెడతారు. నీరు బాగా ఆదా అవుతుంది. కానీ పూతకు ముందు వెనక వారం చొప్పున మాత్రం మడిలో నీరు నిలబడాల్సిందే, అక్కడ పొదుపు పనికిరాదు.

ఎరువు సంగతి త్వరగా చెప్పేస్తాను. మొక్కజొన్న తనకు కావాల్సిన నత్రజనిలో దాదాపు మూడింట రెండు వంతులు పూత నాటికే తీసేసుకుంటుంది. పీచు ఎండాక వేసే బస్తా మన తృప్తికే. వరిలో, ఆకు పచ్చదనాన్ని బట్టి యూరియా కావాలో లేదో చెప్పే ఆకు రంగు చార్టు వాడండి. పూర్తిగా విచ్చుకున్న పై ఆకును మీ ఒంటి నీడలో పెట్టి పోల్చండి, ఎండలో చూస్తే రంగు మోసం చేస్తుంది.

ఇక పురుగు మందు. 1959లో కాలిఫోర్నియా కీటక శాస్త్రవేత్తలు ఒక మాట స్పష్టంగా చెప్పారు: పురుగు కనపడగానే కాదు, అది చేసే నష్టం మందు ఖర్చును దాటబోతుందని తెలిసినప్పుడే కొట్టాలి. గింజ లెక్కలో ఇది చాలా సులువు. మందు, కూలి కలిపి ఎకరానికి 60 కిలోల గింజ ఖరీదనుకోండి. 25 క్వింటాళ్లలో అది రెండున్నర శాతం లోపే. పురుగు అంతకంటే ఎక్కువ తింటుందా, మందు దాన్ని నిజంగా ఆపుతుందా అని అడగండి. కత్తెర పురుగు లేత సుడిలో ఉన్నప్పుడు కొడితే ఫలితం ఉంటుంది. కంకిలో దూరాక మందు దానికి తగలదు. మార్కెట్‌లో గింజ ధర పడితే అదే స్ప్రే 80 కిలోలు అవుతుంది, అందుకే ఈ లెక్క ప్రతిసారీ కొత్తగా వేయాలి.

ఇప్పుడు కష్టమైన మాట. "ఇంత పెట్టాం, ఇప్పుడు వదిలేస్తామా" అని పాడైన పొలం మీద ఇంకా పెడుతూ పోతాం. పెట్టింది పెట్టేశాం, అది తిరిగి రాదు. ఇక ముందు పెట్టబోయేదెంత, ముందు రాబోయేదెంత, ఈ రెండే చూడాలి. పంట ఎకరానికి 8 క్వింటాళ్లే వచ్చేలా ఉందనుకుందాం. ఇకపై తడులకు, కోతకు, నూర్పిడికి 3 క్వింటాళ్ల ఖర్చయితే, పాత ఖర్చు 15 క్వింటాళ్లయినా సరే పంట నిలబెట్టండి, 5 క్వింటాళ్లు చేతికొస్తాయి. ఇకపై ఖర్చే 8 దాటితే, పచ్చిగా ఉండగానే కోసి పశువుల మేతకు అమ్మడమే నయం. బీమా ఉన్నవాళ్లు మాత్రం కోసే ముందు కంపెనీకి చెప్పి, పొలం చూపించండి. తర్వాత చెబితే వినరు.

అమ్మకం దగ్గరికి వద్దాం. 2012 మే నెలలో అమెరికా వ్యవసాయ శాఖ మొక్కజొన్న సగటు దిగుబడి ఎకరానికి 166 బుషెళ్లు (మొక్కజొన్నలో బుషెల్ అంటే సుమారు 25 కిలోలు) వస్తుందని అంచనా వేసింది. ఆ వేసవి కరువులో అది 123 దగ్గర ఆగిపోయింది. ఆగస్టులో షికాగో ధాన్యం మార్కెట్‌లో బుషెల్ ధర 8 డాలర్లు దాటింది. ఇంకా పెరుగుతుందని సరుకు దాచినవాళ్లున్నారు. 2013 కోతల నాటికి అదే బుషెల్ 5 డాలర్ల లోపుకి దిగింది. మరోవైపు చూడండి, 166 బుషెళ్లూ ఇస్తానని ముందే ఒప్పుకున్న రైతు ఉంటే, తక్కువ పడ్డ నాలుగో వంతును రికార్డు ధరకు బయట కొని ఇవ్వాల్సి వచ్చేది. అందుకే ముందస్తు ఒప్పందానికి మీ లెక్కల్లో అన్నిటికంటే తక్కువ అంకె, ఇందాకటి 20 క్వింటాళ్లు, తీసుకోండి. అందులోనూ కోతల వేళ తప్పక కట్టాల్సిన అప్పు, కూలి, కౌలు ఎన్ని క్వింటాళ్లవుతాయో అంతవరకే మాటివ్వండి. మిగతాది పంట కళ్లాన పడ్డాక చూసుకోవచ్చు. పూత సమయంలో వాన భయంతో ధర లేస్తే, ఆ కొంత భాగాన్ని అప్పుడే ఖాయం చేసుకోవడం పిరికితనం కాదు.

దాచుకోవడానికీ ఖర్చుంది. వడ్డీ, గోడౌన్ అద్దె, పురుగు తరుగు కలిపి నెలకు క్వింటాలుకు 2 కిలోల విలువ పోతుంటే, నాలుగు నెలల్లో 8 కిలోలు. అంటే ధర దాదాపు 9 శాతం పెరిగితేనే మనం ఉన్నచోట ఉన్నట్టు. తేమ కూడా చూసుకోండి. 18 శాతం తేమ ఉన్న 100 కిలోలు 14 శాతానికి ఆరితే 95 కిలోల 300 గ్రాములు మిగలాలి. కొనేవాడు తేమ పేరుతో అంతకంటే ఎక్కువ కోస్తుంటే, ఎందుకో కాగితం మీద లెక్క చూపించమని అడగండి.

అప్పు ఇచ్చినవాళ్ల దగ్గరికి కోతల తర్వాత వెళ్తే బతిమాలడానికే వెళ్లినట్టుంటుంది. ఇప్పుడే, కంకులు లెక్కపెట్టిన కాగితం పట్టుకుని వెళ్లండి. ఎంత వస్తుంది, ఎంత కట్టగలం, ఎంతకు గడువు కావాలి అని అంకెలతో మాట్లాడితే వాళ్లూ వినాల్సి వస్తుంది. ఆ కాగితం రాసేటప్పుడు ఇంట్లో ఆడవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. కూలీలకు ఎంతిచ్చారో, ఎవరికి బాకీ ఉందో చాలా ఇళ్లలో వాళ్లకే కచ్చితంగా గుర్తుంటుంది.

మిగతాది మీ ప్రశ్నల్లో మాట్లాడుకుందాం. పొలంలో పీచు వస్తూ, నీళ్లు చాలనివాళ్లు ముందు అడగండి. మీకు టైము తక్కువ, మిగతావాళ్లు కాసేపు ఆగగలరు.