చీర రంగు కాదు, అంచు చూడండి: మన చామనఛాయకి కలర్‌ఫుల్ ఐ మేకప్

(కిటికీ పక్కన స్టూల్ మీద చెల్లి కూర్చుని ఉంది, ఒళ్ళో పట్టుచీర. ట్యూబ్‌లైట్ ఆపేసి ఉంది.)

హాయ్ అందరికీ, ఒడిశా బరంపురం నుంచి మళ్ళీ నేనే. వెనకాల హుష్ హుష్ అని వినిపిస్తే కంగారు పడకండి, పక్కింటి మేడ మీద అప్పడాలు ఎండబెట్టి కాకుల్ని తోలుతున్నారు, మా ఊళ్ళో ఇది మామూలే.

ఇది మా పిన్ని కూతురు. సాయంత్రం ఇచ్ఛాపురంలో రిసెప్షన్ ఉంది, ఆటో అయిదున్నరకి వస్తాది, ఈలోగా దీని కళ్ళు రెడీ అవ్వాలి. పొద్దున్నుంచీ ఒకటే పాట, "అప్పా నాకు బ్రౌన్ చాలు, రంగులు నాకు నప్పవు, నేను నలుపు" అని. అప్ప అంటే మా వైపు అక్క. ఈ మాట నాకు ఎంతమంది చెప్పారో లెక్కలేదు, అందుకే వీడియో తీద్దాం అనిపించింది. తప్పు నీ ఒంటి రంగుది కాదమ్మా, నువ్వు కొన్న ఆ డబ్బాలో రంగుది.

ముందు నా పరువు తీసుకునే కథ ఒకటి చెప్తా. మేకప్ నేర్చుకున్న కొత్తలో మా ఇంట్లోనే ఒక పెళ్ళికి నా కళ్ళకి నేనే లేత లావెండర్ వేసుకున్నా. ప్యాలెట్‌లో చూస్తే ఎంత ముద్దుగా ఉందో, ఫోన్‌లో ఎవరో తెల్లటమ్మాయి వేసుకుంటే ఇంకా బాగుంది. నేను వేసుకుని హాల్లోకి వెళ్తే మా మామ్మ గెడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి "ఏటే, కంటికి విభూతి రాసుకున్నావా" అంది. ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి, చూపించను.

అది ఎందుకలా అయ్యిందంటే, లేత రంగు అంటే ఏటి, అసలు రంగులో తెల్లపొడి కలిపితే వచ్చేదే కదా. టైటానియం డయాక్సైడ్ అని ఉంటాది, గోడలకేసే తెల్ల పెయింట్‌లో కూడా అదే, ఇంకా టాల్క్. అసలు రంగు చిటికెడు, తెలుపు గుప్పెడు. తెల్లటి చర్మం మీద ఆ తెలుపు కలిసిపోయి రంగు ఒక్కటే కనపడుద్ది, మన చామనఛాయ మీద రంగు కింద చర్మంలో కలిసిపోయి తెలుపు పైకి తేలుద్ది, అదే బూడిద. కాబట్టి షాపులో టెస్టర్ ఉంటే చెయ్యి వెనక్కి తిప్పి ఒక్కసారి వేలితో రాయండి, ఒక్క రాతకే రంగు రంగులాగ కనపడితే తీసుకోండి, చాక్‌పీస్ గీసినట్టు కనపడితే ఎంత డిస్కౌంట్ ఉన్నా అక్కడే పెట్టేసి వచ్చేయండి. లేత రంగులు అంత ఇష్టమైతే షిమ్మర్‌లో తీసుకోండి, మెరుపులో ఆ బూడిదతనం తెలీదు.

ఇక ముదురు రంగులకి మనకంటే బాగా నప్పేవాళ్ళు లేరు, నమ్మకపోతే మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకి రండి. రెండేళ్ళకోసారి చైత్రంలో జరుగుద్ది, ఊరు ఊరంతా వేషాలే, పులివేషం వాళ్ళు ఒళ్ళంతా పసుపు పూసి నల్లచారలు గీసుకుని డప్పులకి ఆడుతుంటే వీధి చివర్నుంచి కనపడతారు. ఆ పసుపు ఆ ఒంటి మీద ఎలా పేలుద్దో చూసినోళ్ళెవరూ పసుపు ఐషాడో మనకి నప్పదు అనరు. (చెల్లి నవ్వుతోంది) నవ్వకు, కళ్ళు కదుపుతున్నావ్.

ఇప్పుడు ఏ రంగు వెయ్యాలి అన్న ప్రశ్న. నెట్‌లో చెప్తారు కదా, మణికట్టు దగ్గర నరాలు చూడండి, నీలంగా ఉంటే కూల్, ఆకుపచ్చగా ఉంటే వార్మ్ అండర్‌టోన్, అంటే చర్మం లోపల్నుంచి తేలే ఛాయ, అని. నాకైతే ఆ టెస్ట్ మీద పెద్ద నమ్మకం లేదు, మనలో చాలామందికి నరాలు సరిగ్గా కనపడనే కనపడవు. నేను చేసేది ఏటంటే బీరువాలోంచి ఒక మెంతి పసుపు చీర, ఒక రాణి పింక్ చీర తీసి, మొహం కడుక్కుని, కిటికీ దగ్గర ఒకదాని తర్వాత ఒకటి గెడ్డం కింద పెట్టుకుని చూడ్డం. దేనితో మొహం తేటగా ఉందో, దేనితో కళ్ళకింద నలుపు ఎక్కువ కనపడుతుందో ఇంట్లో వాళ్ళు ఇట్టే చెప్పేస్తారు. పసుపు నప్పితే రాగి, ఇటుక, మామిడిపండు, ఆలివ్ గ్రీన్ అటువైపు వెళ్ళండి, పింక్ నప్పితే వంకాయ రంగు, నేవీ బ్లూ, బచ్చలిపండు రంగు ఇటువైపు. రెండూ బాగున్నాయా, మీ అదృష్టం, ఈ ముక్క మర్చిపోండి.

కంటి రంగు సంగతి ఇంకా ముఖ్యం. మనలో తొంభై శాతం పైనే బ్రౌన్ కళ్ళు అని లెక్కలు చెప్పక్కర్లేదు, చుట్టూ చూస్తే తెలుస్తాది. బ్రౌన్ అంటే ఏటి, నలుపు కలిసిన ఆరెంజ్. కలర్ వీల్‌లో, అంటే రంగులన్నీ గుండ్రంగా పేర్చిన చక్రంలో, ఆరెంజ్‌కి ఎదురుగా ఉండేది నీలం. ఎదురెదురు రంగులు పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి పైకి లేపుతాయి, అందుకే నీలం, నెమలికంఠం రంగు కంటి కింద సన్నగా గీసినా సరే బ్రౌన్ కళ్ళు తేనె రంగులో మెరుస్తాయి. మీరు ఏమీ వేసుకోకపోయినా ఒక నేవీ బ్లూ కాజల్ కొనుక్కోండి, నల్లదాని బదులు వేసి చూడండి.

ఈ పక్కపక్క రంగుల గొడవ కనిపెట్టిన కథ నాకు భలే ఇష్టం, ఎందుకంటే అది కూడా నేతకి సంబంధించిందే. పారిస్‌లో గోబ్లాఁ అని పెద్ద నేతశాల, అక్కడ రంగులద్దకం చూసే కెమిస్ట్ ఒకాయన, షెవ్రెల్ అని. నల్లదారం సరిగ్గా నల్లగా లేదు అని కంప్లైంట్లు వచ్చాయంట. ఈయన దారం పరీక్ష చేస్తే దారంలో ఏ లోపమూ లేదు, పక్కన నేసిన నీలం, వయొలెట్ దారాల వల్ల నలుపు వెలిసినట్టు కనపడుతోంది. 1839లో దాని మీద పుస్తకమే రాశాడు. రంగు ఒంటరిగా ఉండదు, పక్కనున్నదాన్ని బట్టి మారిపోద్ది.

(చీర అంచు కెమెరాకి దగ్గరగా)

మరి మన నేతోళ్ళకి ఇది పుస్తకం లేకుండానే తెలుసు. ఇదిగో బరంపురం పట్టు, ఒళ్ళంతా రాణి పింక్, అంచు బాటిల్ గ్రీన్, గుడి గోపురాల్లాగ కోణాలు కోణాలుగా ఈ అంచు. మా ఊళ్ళో పట్టు మగ్గాలు నిలబెట్టిందాంట్లో ఎప్పుడో తెలుగునేల నుంచి వచ్చి స్థిరపడ్డ నేతోళ్ళ చెయ్యి చాలా ఉంది, అందుకని నాకు ఈ చీర చూస్తే కొంచెం గర్వం. సరే ఇప్పుడు చాలామంది చేసే తప్పేటంటే పింక్ చీర కదా అని కళ్ళకి కూడా పింక్ వేసేస్తారు. చీర, కళ్ళు, పెదాలు, గాజులు అన్నీ ఒకటే పింక్, మనిషి కనపడదు. చీర రంగు వదిలేయండి, అంచు రంగు కళ్ళకి తీసుకోండి. రెండూ కలిస్తే బాగుంటాయా లేదా అని మీరు బుర్ర బద్దలు కొట్టుకోవక్కర్లేదు, నేసినాయనే ఆ పని చేసి పెట్టాడు. పింక్‌ని పెదాలకి పంపేద్దాం.

పని మొదలెడదాం. ఫౌండేషన్ ఇంకా వెయ్యలేదు చూడండి, రంగురంగులు వేసేటప్పుడు కళ్ళే ముందు, పొడి బుగ్గల మీద రాలుద్ది, తుడుచుకుని తర్వాత మొహం చేసుకోవచ్చు. రెప్ప మీద ప్రైమర్, అంటే రంగు పట్టి ఉండటానికి ముందు రాసే క్రీమ్, లేకపోతే మచ్చలు కప్పే కన్సీలర్, పెసరగింజలో సగం, అంతే. ఎక్కువ వేస్తే గంటలో గీతలు పడిపోద్ది. మాకు గోపాల్పూర్ సముద్రం 15 కిలోమీటర్లు, గాలిలోనే జిడ్డు, నిమిషం ఆగి టిష్యూతో ఒకసారి అద్ది పైన కొంచెం పౌడర్ వేస్తే గాని ఏదీ నిలవదు.

ఇప్పుడు ఇటుక రంగు మ్యాట్, అంటే మెరుపు లేనిది, మెత్తటి గుబురు బ్రష్‌తో. బ్రష్ చివర పట్టుకోండి, పెన్ను పట్టుకున్నట్టు ముందుకి పట్టుకుంటే ఒత్తిడి పడి ముద్దలవుద్ది. కన్ను తెరిచి నేరుగా అద్దంలోకి చూస్తూ, రెప్ప మడత పడే చోటికి ఒక్క వెంట్రుకవాసి పైన, కారు వైపర్ తిరిగినట్టు అటూ ఇటూ. కళ్ళు మూసుకుని మడత మీదే వేస్తే తెరవగానే అంతా లోపలికి పోద్ది, ముఖ్యంగా రెప్ప కిందికి వాలినట్టు ఉండేవాళ్ళకి. ఈ ఇటుక రంగు ఎందుకంటే ఇది మన చర్మానికీ ఆకుపచ్చకీ మధ్య వంతెన, ఇది లేకుండా గ్రీన్ వేస్తే అంటించినట్టు ఉంటాది.

బయటి మూలకి బాటిల్ గ్రీన్, చిన్న బ్రష్, తుడవకుండా అద్దండి. అద్దటం, తర్వాత అంచులు మాత్రం మెత్తగా కలపటం. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది, ఆకుపచ్చ మీద పింకో ఎరుపో వేసి కలిపితే... (వేలి మీద కలిపి చూపిస్తూ) ఇదిగో, పేడ. ఎదురెదురు రంగులు పక్కపక్కన అందం, కలిపితే బురద, అదే సూత్రం రెండువైపులా పనిచేస్తాది. రెండూ కావాలంటే మధ్యలో బంగారు రంగు గోడ కట్టండి. పసుపు, ఆరెంజ్, పింక్ ఇవి చుట్టాలు, ఎంత కలిపినా గొడవ పడవు, నీలం ఆకుపచ్చ కూడా అంతే, మొదటిసారి చేసేవాళ్ళు ఈ చుట్టాలతో మొదలెట్టండి.

రెప్ప మధ్యలో బంగారు షిమ్మర్, దీనికి బ్రష్ తీసి పక్కన పెట్టి ఉంగరం వేలు వాడండి. షిమ్మర్ అంటే అభ్రకం రేకులు, మన నెల్లూరు, గూడూరు వైపు గనుల్లో దొరికేదే, దాని మీద సన్నటి పూత పూస్తారు. రేకులు చదునుగా పడుకుంటేనే అద్దంలాగ వెలుగు తిప్పికొడతాయి, వేలితో నొక్కితే పడుకుంటాయి, బ్రష్‌తో ఊడిస్తే చెల్లాచెదురై బుగ్గల మీదకొస్తాయి. ఏదీ కళ్ళు తెరు. చూశారా? (చెల్లి అద్దం లాక్కుంటోంది) అప్పుడే కాదు, ఆగు.

కింద రెప్ప వెంట్రుకల దగ్గర సన్నగా నెమలికంఠం నీలం, లోపలి గీతకి మాత్రం మామూలు కాటుకే. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఎరుపు, మెరూన్, పింక్ వేస్తే కంటికి ఆనించి వెయ్యకండి, కళ్ళకలక వచ్చినట్టు ఉంటాది, మధ్యలో నల్లటి లైనర్ గీత తప్పనిసరి. నియాన్ రంగులైతే కింద తెల్ల పెన్సిల్ పూసి దాని మీద అద్దాలి, నల్లబల్ల మీద హైలైటర్ పెన్ను రాయదు కదా, అలాగన్నమాట. ఆ నియాన్ ప్యాలెట్ల వెనక చిన్న అక్షరాలు కూడా చదవండి, కొన్నింటి మీద కంటి దగ్గర వాడొద్దు అని రాసుంటాది. అమెరికాలో కంటి చుట్టూ వాడే రంగులకి ఎఫ్‌డీఏ, అంటే మందులూ మేకప్ సామాన్లూ చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ, వేరే లిస్ట్ పెట్టింది, కొన్ని పింకులు, ఎరుపులు అందులో ఉండవు, అందుకే వాటిని ఐషాడో అని కాకుండా ప్రెస్డ్ పిగ్మెంట్ అని పేరు మార్చి అమ్ముతారు. స్టేషనరీ షాపు గ్లిట్టర్, హోలీ రంగు అసలు వద్దు, ఆ గ్లిట్టర్ ముక్క కనుగుడ్డుని గీరేస్తాది. కాంటాక్ట్ లెన్స్ ఉంటే మేకప్ కంటే ముందే పెట్టుకోండి.

ఇంక ఫంక్షన్ హాల్ లైట్. అక్కడ పసుపు లైట్లు ఉంటాయి, పసుపు వెలుగులో నీలం చచ్చిపోద్ది, బంగారం, రాగి, ఎరుపు రెచ్చిపోతాయి. అందుకే దీనికి నీలం కింద గీతవరకే ఉంచి పైన బంగారం పెట్టా. పగలు పెళ్ళయితే తిరగేసి చేసేదాన్ని. ట్యూబ్‌లైట్ కింద మాత్రం మేకప్ చేసుకోకండి, సరిపోలేదు సరిపోలేదు అని వేస్తూనే ఉంటారు, బయటికెళ్ళాక తెలుస్తాది.

మస్కారా రెండు పూతలు, అది తెరిచి మూడు నెలలు దాటితే పారేయండి, అక్కాచెల్లెళ్ళయినా ఒకరిది ఒకరు వాడొద్దు, కంటి ఇన్‌ఫెక్షన్ చుట్టరికం చూడదు. రాత్రి వచ్చాక కొబ్బరినూనె రెండు చుక్కలు దూదికి రాసి కన్ను మూసి అరనిమిషం అలా ఆనించి ఉంచి కిందికి లాగండి, రుద్దకండి, ముదురు గ్రీన్ చర్మం మీద మరక ఉంచుద్ది, పొద్దున్నకి పోద్ది. తర్వాత ఫేస్‌వాష్.

ఇదిగో పెదాలకి రాణి పింక్. ఇప్పుడు తీసుకో అద్దం.

(చెల్లి చూసుకుంటోంది, మాట్లాడదు. తల అటు తిప్పి, ఇటు తిప్పి)

"అప్పా, ఈ గ్రీన్ డబ్బా నేను తీసుకెళ్ళిపోతా."

నా డబ్బా వదులు. అదిగో హారన్, ఆటో వచ్చేసింది, చీర కట్టుకోలేదు ఇంకా, లేలే!

(కెమెరా ఊగుతోంది, ఆఫ్)