మంచం తల వైపు ఎత్తండి

(మే 5, చేతుల శుభ్రత దినం నాడు అనంతపురంలో నర్సింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ మేడమ్‌కు, టీచర్లకు, మీకందరికీ నమస్కారం. రిటైరైన సైన్సు మాస్టారును కదా, చేతులు కడుక్కోవడం గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ మిమ్మల్ని ఈ యూనిఫాంలో చూశాక మా నాయన సంగతి చెప్పకుండా ఉండలేను.

నాయనది కల్యాణదుర్గం దగ్గర వేరుశనగ సేద్యం. ముసలితనంలో గడప దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగా జరిగింది. అది ఏ ఆసుపత్రో చెప్పను, అవసరం లేదు. మూడో రోజు సాయంత్రం జ్వరం వచ్చింది, గొంతులో గురగుర మొదలైంది. మర్నాడు ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా కనపడింది. న్యుమోనియా.

ఇంట్లో ఉన్నప్పుడు నాయనకు ఒక్క దగ్గు లేదు. చేరిన 48 గంటల తర్వాత ఇలా వస్తే, ఆసుపత్రిలోనే అంటుకుందని లెక్క. ఈ మాట నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎలా అంటుకుంటుందో వినండి. ఆసుపత్రిలో పడుకున్న మనిషి నోట్లో కొద్ది రోజులకే అక్కడి క్రిములు చేరతాయి. వెల్లకిలా పడుకుంటే ఆ ఉమ్మి కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ముసలివాళ్లు గట్టిగా దగ్గి బయటికి నెట్టలేరు. వెంటిలేటర్ గొట్టం వేసినవాళ్లకైతే దగ్గే ఆసరా కూడా ఉండదు.

నాయన పళ్లసెట్టు ప్లాస్టిక్ గ్లాసులో కిటికీ దగ్గర పెట్టాం. ఐదు రోజులు అందులో నీళ్లు మార్చలేదు. ఆయన నోరు కూడా ఎవరూ తుడవలేదు. మంచం చదునుగానే ఉంది. అలాగే పడుకోబెట్టి రాగిజావ చెంచాతో పోసింది నేనే. పొలమారితే వీపు నిమిరి మళ్లీ పోశాను. తల ఎత్తి తాగించాలని ఎవరూ చెప్పలేదు. సైన్సు మాస్టారునై ఉండి నాకూ తట్టలేదు.

ఇంకొకటి కళ్లారా చూశాను. రాత్రి డ్యూటీ సిస్టర్ పక్క మంచం ఆయనకు సక్షన్ పెట్టి, అంటే గొట్టంతో గొంతులోని కళ్లె లాగి, అవే గ్లోవ్స్‌తో వచ్చి నాయన ఆక్సిజన్ మాస్క్ సర్దింది. ఆ అమ్మాయిని తిట్టను. వార్డు మొత్తానికి ఆమె ఒక్కతే, పాపం. కానీ తల్లీ, ఆ గ్లోవ్స్ ఆమెను కాపాడాయి, మా నాయనను కాపాడలేదు. గ్లోవ్స్ తీసేసి చేతులు శానిటైజర్‌తో రుద్దుకోవడానికి పట్టేది 20 నుంచి 30 సెకన్లు.

1847లోనే వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టర్ పురుడు పోసే ముందు క్లోరిన్ నీళ్లతో చేతులు కడగమన్నాడు. బాలింతల చావులు బాగా తగ్గాయి. అయినా తోటి డాక్టర్లు చాలామంది ఆయన మాట వినలేదు. వియన్నా కథ ఇక చాలు, నాయన దగ్గరికి వస్తాను.

కళ్లె పరీక్ష రిపోర్టు వచ్చింది. పైన క్లెబ్సియెల్లా అని క్రిమి పేరు ఉంది, కింద వరసగా మందుల పేర్లు. ఒక్కో పేరు పక్కన ‘ఆర్’, ‘ఆర్’, ‘ఆర్’. ఆర్ అంటే ఆ మందు పనిచేయదని. వేలు పెట్టి కిందిదాకా చదువుకుంటూ పోయాను. చివరికి కొలిస్టిన్ ఇచ్చారు. అది కిడ్నీల మీద దెబ్బకొట్టే మందు. పదకొండో రోజు తెల్లవారుజామున నాయన పోయాడు. తుంటి కుట్లు మాత్రం చక్కగా మానుతున్నాయి.

రేపు మీరు వార్డుల్లోకి వెళ్తారు. ప్రతి మంచం పక్కనా నాలాంటి కొడుకో, కూతురో చేతిలో జావ గిన్నెతో ఉంటారు. వాళ్లకు చెప్పండమ్మా. ‘అన్నా, ముందు తల వైపు ఎత్తు, తర్వాత తాగించు’ అనండి. నోరు తుడవడం, పళ్లసెట్టు కడగడం చూపించండి. ఒక్కసారి చెబితే బుర్రకెక్కదు, టెన్షన్‌లో ఉంటారు. రెండోసారి, మూడోసారి కూడా చెప్పండి.

మేడమ్, మీ డెమో రూములో హ్యాండిల్ తిప్పే మంచం ఉందన్నారు. మిగతా ప్రసంగం వద్దు. అందరం అక్కడికి వెళ్దాం. ఆపరేషన్ చేసిన డాక్టర్ వద్దనకపోతే తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి. చాలామంది కొంచెం ఎత్తి ముప్పై అయిందనుకుంటారు. ముందు బెంచీలో ఉన్న మీరిద్దరూ రండమ్మా, ఒకరు పడుకోండి, ఒకరు హ్యాండిల్ తిప్పండి. కోణం నేను కొలుస్తాను, ప్రొట్రాక్టర్ తెచ్చాను.