యాంటీబాడీలు తగ్గితే రక్షణ పోయినట్టేనా? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: హలో, లైన్లో ఉన్నారు, మాట్లాడండి. ముందు మీ పక్కనున్న రేడియో సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్: తగ్గించానండి. నమస్తే డాక్టర్ గారూ. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. పదేళ్ల కిందట హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకున్నాను. మొన్న యాంటీబాడీ పరీక్ష చేయిస్తే 6 వచ్చింది. కనీసం 10 ఉండాలంట కదా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: మూడో డోసు అయిన నెలా రెండు నెలలకు పరీక్ష చేయించారా అప్పట్లో?

కాలర్: చేయించానండి. 200 పైనే వచ్చింది.

డాక్టర్: డయాలసిస్ గానీ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు గానీ?

కాలర్: అలాంటివేం లేవండి.

డాక్టర్: అయితే టెన్షన్ అక్కర్లేదు. పూర్తి కోర్సు తర్వాత ఒకసారి 10 దాటిందంటే, ఆ తర్వాత తగ్గినా రక్షణ ఉన్నట్టే లెక్క.

కాలర్: యాంటీబాడీలే తగ్గిపోయాక రక్షణ ఎక్కడిదండీ?

డాక్టర్: పరీక్షలో తెలిసేది రక్తంలో తిరుగుతున్న యాంటీబాడీల సంగతే. వాటిని తయారుచేసే కణాల గురించి ఆ రిపోర్టు ఏమీ చెప్పదు. టీకా వేశాక అందులోని యాంటీజెన్‌ను, అంటే ఒళ్లు పరాయిదని గుర్తుపట్టే పదార్థాన్ని, డెండ్రిటిక్ కణాలనే కాపలా కణాలు దగ్గర్లోని లింఫ్ గ్రంథికి మోసుకెళ్తాయి. ఒంట్లో బి కణాలు, టి కణాలు (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు) ఎన్ని రకాలున్నా ఆ యాంటీజెన్‌ను పట్టుకోగలిగేవి చాలా కొద్ది. అవే మేలుకొని వేల రెట్లు పెరుగుతాయి. కొన్ని బి కణాలు వెంటనే యాంటీబాడీలు మొదలుపెడతాయి గానీ వాటి పట్టు అంతంత మాత్రం. మిగతావి గ్రంథిలోనే ఉండిపోయి తమ యాంటీబాడీ జన్యువుల్ని కొద్దికొద్దిగా మార్చుకుంటాయి. మార్పు తర్వాత యాంటీజెన్‌ను గట్టిగా పట్టుకున్న కణం బతుకుతుంది, పట్టుకోలేనిది చచ్చిపోతుంది. ఇది వారాల తరబడి సాగుతుంది. మొత్తం ఇమ్యునాలజీలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే! అలా నెగ్గినవాటిలో కొన్ని ప్లాస్మా కణాలై ఎముక మజ్జలో చేరి యాంటీబాడీలు వదులుతుంటాయి. కొన్ని మెమరీ కణాలుగా మారి ఊరికే తిరుగుతుంటాయి.

కాలర్: అంటే నాకు తగ్గింది ప్లాస్మా కణాలు వదిలే యాంటీబాడీలేనా?

డాక్టర్: అంతే. వైరస్ వస్తే మెమరీ కణాలు కొద్ది రోజుల్లోనే మళ్లీ యాంటీబాడీలు తయారుచేస్తాయి. హెపటైటిస్ బి జబ్బుగా బయటపడటానికి మామూలుగా రెండు నుంచి ఐదు నెలలు పడుతుంది. అంత టైమ్ వాటికి చాలు.

యాంకర్: మరి ధనుర్వాతానికి పదేళ్లకోసారి బూస్టర్ ఎందుకండీ?

డాక్టర్: అక్కడ అసలు శత్రువు సూక్ష్మజీవి వదిలే విషం. అది నరాల్లోకి దిగాక యాంటీబాడీలు ఏమీ చేయలేవు. అందుకే అవి ముందే రక్తంలో సిద్ధంగా ఉండాలి. అన్నట్టు, ధనుర్వాతం వచ్చి తగ్గినవాళ్లు కూడా టీకా వేయించుకోవాల్సిందే. జబ్బు తెప్పించడానికి సరిపోయే విషం ఎంత కొంచెమంటే, అది రోగనిరోధక వ్యవస్థ దృష్టిలోనే పడదు.

యాంకర్: ఇంకో కాలర్. చెప్పండమ్మా.

కాలర్: మా పాపకి జ్వరం వచ్చి పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా) రెండో డోసు రెండు నెలలు లేటయింది సార్. మళ్లీ మొదట్నుంచి వేయించాలా?

డాక్టర్: అక్కర్లేదమ్మా. మొదటి డోసుతో ఏర్పడిన మెమరీ కణాలు ఎక్కడికీ పోవు. ఆగిన చోటి నుంచే కొనసాగించండి. కాకపోతే అన్ని డోసులూ పడేదాకా రక్షణ అరకొరే, కాబట్టి ఇంక ఆలస్యం చేయొద్దు. లేటయింది కదా అని తర్వాతి రెండు డోసుల మధ్య నాలుగు వారాల కంటే తగ్గించనూ వద్దు.

యాంకర్: చివరి కాల్.

కాలర్: మా నాన్నగారికి 70 దాటాయి. ఈ వయసులో కొత్త టీకాలు పనిచేస్తాయాండీ?

డాక్టర్: చేస్తాయి, కాస్త తక్కువగా. టి కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి యుక్తవయసు నుంచే కుంచించుకుపోతుంది. కొత్త యాంటీజెన్‌కు స్పందించే కణాలు తగ్గిపోతాయి. అందుకే 65 దాటినవాళ్ల కోసం ఎక్కువ మోతాదు ఫ్లూ టీకాలు కూడా తయారుచేస్తున్నారు. పాత జ్ఞాపకం మాత్రం అలా తగ్గదు. 1846లో ఫారో దీవుల్లో తట్టు వ్యాపిస్తే, 1781లో తట్టు వచ్చి తగ్గిన ముసలివాళ్లలో ఒక్కరికీ మళ్లీ రాలేదని పానుమ్ అనే డాక్టర్ రాశాడు. నాన్నగారు ఏమైనా మందులు వాడుతున్నారా?

కాలర్: కీళ్లవాతానికి స్టెరాయిడ్లు వాడుతున్నారు.

డాక్టర్: అయితే ఆ మోతాదు ఎంతో చూడకుండా లైవ్ టీకాలు, అంటే బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసేవి, ఏవీ వేయించకండి. ఫ్లూ, న్యుమోనియా ఇంజెక్షన్లతో ఆ భయం లేదు. ప్రిస్క్రిప్షన్ తీసుకుని ఆయన్ని చూసే డాక్టర్‌నే అడగండి.