పెళ్ళి ఫోటోల ఒప్పందం: మళ్ళీ తీయలేని రోజుకు రాసుకునే షరతులు

(తెర మీద: తెల్ల కాగితం, పక్కన కలం. వ్యాఖ్యాత గొంతు మొదలవుతుంది.)

గోడ వంకరగా లేస్తే మేస్త్రి చేత పడగొట్టించి మళ్ళీ కట్టించుకోవచ్చు. చొక్కా బిగుతైతే దర్జీ కుట్లు విప్పి సరిచేస్తాడు. పనిలో లోపం వస్తే మళ్ళీ చేయించుకునే వీలు దాదాపు అన్ని వృత్తుల్లోనూ ఉంటుంది. పెళ్ళి ఫోటోలకు మాత్రం ఆ వీలు లేదు, ఎందుకంటే మెమరీ కార్డు పాడైందని ఎవరూ రెండోసారి పెళ్ళి చేసుకోరు. అందువల్ల జంటకూ ఫోటోగ్రాఫర్‌కూ మధ్య ఒప్పందపత్రం రాసుకునేటప్పుడు, పొరపాటు జరిగితే ఎవరు ఎంత కట్టాలన్న ప్రశ్న కంటే, ఆ పొరపాటు జరగకుండా ఎవరు ముందుగా ఏం చేయాలన్న ప్రశ్న ముఖ్యమవుతుంది. ఈ వీడియోలో ఒక్కో షరతునూ ఆ కోణంలోనే పరిశీలిస్తాం.

మాట మీద నడిచే పనికి కాగితం దేనికని చాలామంది అడుగుతారు. కాగితం అపనమ్మకానికి గుర్తు అనుకోవడం వల్ల వచ్చే ప్రశ్న అది. నిజానికి ఇబ్బంది నమ్మకం దగ్గర రాదు, మాటల అర్థం దగ్గర వస్తుంది. ‘ఫుల్ కవరేజ్’ అన్న మాటను ఫోటోగ్రాఫర్ ఎనిమిది గంటల పనిగా లెక్కపెట్టుకుంటే, పెళ్ళివారు ఆఖరి అతిథిని సాగనంపేవరకు అని అనుకుంటారు. ‘ఫోటోలన్నీ ఇస్తాను’ అంటే ఆయన ఉద్దేశం ఏరి, సరిదిద్దినవన్నీ అని. వీరికి అర్థమయ్యేది కెమెరా మీట నొక్కిన ప్రతిసారీ పడిన బొమ్మ అని. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరూ మోసపోయామనే అనుకుంటారు.

మొదట తేలవలసింది ఒప్పందం ఎవరి మధ్య అన్నది. పెళ్ళిళ్ళలో బేరం మాట్లాడేది ఒకరు, సంతకం పెట్టేది మరొకరు, డబ్బు ఇచ్చేది ఇంకొకరు కావడం సాధారణం. రేపు ఆల్బమ్‌లో ఫలానా బొమ్మ వద్దని చెప్పే అధికారం ఎవరిదో, ఆ రోజు అదనపు గంటలకు ఒప్పుకునే అధికారం ఎవరిదో పేరు పెట్టి రాయాలి. వధూవరులకు ఆ రోజు గడియారం చూసే తీరిక ఉండదు కనుక, సమయం గురించి నిర్ణయం తీసుకోవడానికి వారి తరఫున ఒకరిని నియమించడం ఇరుపక్షాలకూ మేలు. ఒప్పుకున్న సమయం ముగియడానికి అరగంట ముందు ఫోటోగ్రాఫర్ ఆ ఒక్కరినే అడగాలి, ఆ ఒక్కరే అవునో కాదో చెప్పాలి.

(తెర మీద: ‘పని మొదలు’, ‘పని ముగింపు’ అని రాసిన రెండు గడియారాలు.)

అవతలి పక్షంలోనూ ఇదే చిక్కు ఉంది. మీరు చూసి మెచ్చుకున్న ఫోటోలు ఒకరు తీసినవి, ఆ రోజు కెమెరా పట్టుకుని వచ్చేది ఇంకొకరు కావచ్చు. స్టూడియోకు ఒకే తేదీన రెండు మూడు పెళ్ళిళ్ళు ఉంటే ఇది జరిగి తీరుతుంది, ఇందులో తప్పేమీ లేదు, ముందే చెబితే. కాబట్టి ప్రధాన ఫోటోగ్రాఫర్ పేరు, ఆయనతో వచ్చేవారి సంఖ్య, ఫోటోకు ఎవరు, వీడియోకు ఎవరు అన్న వివరం పత్రంలో ఉండాలి. ఆయనకు జబ్బు చేస్తే? అనేక ఒప్పందాలు ‘చెల్లించిన మొత్తం తిరిగి ఇవ్వబడును’ అని అక్కడితో ఆగిపోతాయి. పెళ్ళి ఉదయం డబ్బు చేతికి తిరిగి వచ్చినా దానితో ఎవరిని పిలుచుకుంటారు? ఇంతకంటే మేలైన షరతు ఇలా ఉంటుంది:

(తెర మీద, నెమ్మదిగా కనిపించే అక్షరాల్లో)

“ప్రధాన ఫోటోగ్రాఫర్ అనారోగ్యం వల్లగాని, ప్రమాదం వల్లగాని హాజరు కాలేకపోతే, ఈ పత్రంలో ముందుగా పేర్కొన్న ప్రత్యామ్నాయ ఫోటోగ్రాఫర్ ఆయన స్థానంలో పనిచేస్తారు. అదనపు ఖర్చు ఏదైనా ఉంటే ఫోటోగ్రాఫరే భరిస్తారు.”

ఇందులో బలమంతా ‘ముందుగా పేర్కొన్న’ అన్న మాటలోనే ఉంది.

ఇక ఫైళ్ళ సంగతి. కెమెరా రెండు రకాలుగా బొమ్మను దాచగలదు. జేపెగ్ అంటే కెమెరా తానే రంగులూ వెలుగూ సరిచేసి, కుదించి ఇచ్చే బొమ్మ. రా ఫైలు అంటే సెన్సార్ నమోదు చేసిన సమాచారం దాదాపు యథాతథంగా ఉన్న ముడిసరుకు. దాన్ని ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్‌లో తెరిచి సరిదిద్దితేనే చూడదగిన ఫోటో అవుతుంది. ముడి ఫైళ్ళు ఇవ్వడానికి ఎక్కువమంది ఫోటోగ్రాఫర్లు ఇష్టపడరు. సగం ఉడికిన వంటను వడ్డించమంటే వంటవాడికి కలిగే సంకోచం వంటిదే అది, పైగా వాటిని ఇంకెవరో ముదురు రంగులతో మార్చి ప్రచారం చేస్తే పేరు పోయేది తనదే. నా దృష్టిలో ఆ సంకోచం న్యాయమైనదే. అయితే ఇవ్వనని ముందే రాయడం ఆయన బాధ్యత, రాయకుండా పెళ్ళయ్యాక కాదనడం సరికాదు.

జంట పట్టుబట్టవలసింది ముడి ఫైళ్ళ కోసం కాదు, సరిదిద్దిన ఫోటోలు పూర్తి పరిమాణంలో అందడం కోసం. 12 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు ఉన్న ఆల్బమ్ పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించాలంటే 3600 నిలువు, 5400 అడ్డం, అంటే దాదాపు 1.94 కోట్ల పిక్సెళ్ళు కావాలి. 24 మెగాపిక్సెళ్ళ (అంటే 2.4 కోట్ల పిక్సెళ్ళ) కెమెరా బొమ్మ దానికి సరిపోతుంది. ఫోన్లో చూసుకోవడానికి 2048 పిక్సెళ్ళ వెడల్పుకు కుదించిన బొమ్మను అదే నాణ్యతతో ముద్రిస్తే ఏడు అంగుళాలకు కూడా రాదు. లింకులో చూసినప్పుడు రెండూ ఒకేలా మెరుస్తాయి. తేడా తెలిసేది గోడకు పెద్ద పటం కట్టించుకోవాలని అనుకున్నప్పుడే.

ఎన్ని ఫోటోలు అన్నదానికి ఒక కనీస సంఖ్య రాయడం మంచిది. ‘ఎడిటింగ్’ అంటే వెలుగు, రంగు, కోత సరిచేయడమేనా, లేక ముఖంపై మచ్చలు తీయడం, వెనుక నిలబడ్డవారిని చెరిపేయడం కూడానా అన్నది తప్పక రాయాలి. మొదటిది ప్రతి ఫోటోకూ నిమిషాల్లో అయ్యే పని, రెండోది ఒక్కో ఫోటోకే చాలా సమయం తినేది.

(తెర మీద: రెండు కార్డులు పెట్టుకునే కెమెరా అర తెరుచుకుంటుంది.)

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, ఒప్పందాల్లో అన్నిటికంటే తక్కువగా కనిపించేది: తీసిన ఫోటోల భద్రత. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో ముడి ఫైలు ఒక్కొక్కటి సుమారు 25 నుంచి 50 ఎంబీ వరకు ఉంటుంది. పెళ్ళిలో 3000 ఫోటోలు తీస్తే మొత్తం 75 నుంచి 150 జీబీ అవుతుంది. అదంతా గోరంత కార్డుల్లో ఉంటుంది. కార్డు పోవచ్చు, చెడిపోవచ్చు, మరుసటి రోజు ఇంకో పెళ్ళికి వెళ్ళే తొందరలో అసిస్టెంటు దాన్ని ఫార్మాట్ చేయవచ్చు.

వృత్తిలో ఉన్నవారు వాడే చాలా కెమెరాల్లో రెండు కార్డులకు చోటు ఉంటుంది. ఒకటి నిండాక రెండోదానికి వెళ్ళేలా పెట్టుకోవచ్చు, లేదా ప్రతి బొమ్మా ఒకేసారి రెండింటిలోనూ పడేలా పెట్టుకోవచ్చు. మొదటి పద్ధతిలో చోటు కలిసివస్తుంది, రెండో పద్ధతిలో పెళ్ళి మిగులుతుంది. ఇంటికి చేరాక పాటించవలసినది అమెరికన్ ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం: మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల సాధనాల్లో, అందులో ఒకటి వేరే చోట. ఇవన్నీ ఫోటోగ్రాఫర్ వృత్తిరహస్యాలేమీ కావు. ‘ప్రతి ఫోటోనూ ఒకేసారి రెండు కార్డుల్లో నమోదు చేస్తాం, కనీసం రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించి సరిచూసేవరకు కార్డులను చెరిపివేయం’ అని రెండు పంక్తులు రాయమంటే, అలా చేసే అలవాటున్నవారు క్షణంలో ఒప్పుకుంటారు. తటపటాయించేవారిని చూస్తే మీకు తెలియవలసింది అప్పుడే తెలిసిపోతుంది.

ఫోటోలు పోతే చెల్లించే పరిహారం తాను అందుకున్న రుసుమును మించదని ఫోటోగ్రాఫర్లు ఒక షరతు పెడతారు. ఒక్క రోజు పనికి జీవితకాలపు అప్పు మీద పడకూడదని ఆయన కోరుకోవడంలో అర్థముంది. కాని పై రెండు పంక్తులు లేని పత్రంలో ఈ పరిమితికి ఒప్పుకుంటే, జాగ్రత్త తీసుకోని వ్యక్తికి ముందుగానే క్షమాభిక్ష పెట్టినట్టవుతుంది. జాగ్రత్తలు తీసుకున్నా జరిగిన నష్టానికే ఆ పరిమితి వర్తిస్తుందని చేర్చితే ఇరువైపులా తూకం కుదురుతుంది.

డబ్బు విషయానికి వస్తే, అడ్వాన్స్ అన్నది తేదీని పట్టి ఉంచినందుకు ఇచ్చేది. ఆ తేదీకి వచ్చిన ఇతరులను ఆయన కాదంటాడు కనుక పెళ్ళి రద్దయితే అది తిరిగి రాదనడం సహేతుకమే. మొత్తం రుసుమునే వదులుకోవాలంటే మాత్రం వేరే మాట. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత చెల్లించాలని అందులో రాసుకున్నా, ఆ మొత్తాన్ని మించకుండా సహేతుకమైన పరిహారం మాత్రమే లభిస్తుంది. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం కింద అన్యాయమైన షరతుకు వినియోగదారుడు కట్టుబడనక్కరలేదు. తేదీ దగ్గరపడేకొద్దీ పెరిగే రద్దు రుసుము దీనికి మంచి మధ్యేమార్గం. వాయిదాను రద్దుతో కలిపి రాయకూడదు. 2020లో కోవిడ్ ఆంక్షలవల్ల పెళ్ళిళ్ళు వాయిదా పడినప్పుడు, ఈ రెండింటినీ విడదీయని పత్రాలు ఎవరికీ అక్కరకు రాలేదు. ఆఖరి విడత సొమ్ము ఫోటోలు చేతికి అందే దశకు ముడిపడి ఉండాలి.

ఆల్బమ్ ఆలస్యమైందన్న ఫిర్యాదుల్లో చెప్పుకోదగ్గ భాగం జంట వైపు నుంచే పుడుతుంది. వేల ఫోటోల్లోంచి ఆల్బమ్‌కు ఎంపిక చేసి పంపడానికి వారికి నెలలు పడుతుంది, గడువు మాత్రం పెళ్ళి రోజు నుంచి లెక్కపెడతారు. ఎంపిక అందిన రోజు నుంచి గడువు మొదలవుతుందని, డిజైన్‌లో ఎన్నిసార్లు మార్పులు ఉచితమో కూడా రాసుకుంటే ఈ తగాదా రాదు.

(తెర మీద: ఫోటో మూలలో కాపీరైట్ గుర్తు, చుట్టూ దేశాల పేర్లు.)

ఆ ఫోటోలు ఎవరివి? డబ్బిచ్చాం కనుక మావేనని జంట, తీసింది నేను కనుక నావని ఫోటోగ్రాఫర్ అనుకుంటారు. దేశాన్ని బట్టి ఇద్దరిలో ఎవరో ఒకరి మాటే నిజమవుతుంది. భారతదేశంలో కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, ప్రతిఫలం ఇచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి యజమానులు. ఆస్ట్రేలియా చట్టం వ్యక్తిగత అవసరానికి తీయించుకున్న ఫోటోల విషయంలో ఇలాంటి నియమాన్నే పెట్టి, పెళ్ళి ఫోటోలను ఉదాహరణగా పేర్కొంటుంది. అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ స్వతంత్రంగా పనిచేసే ఫోటోగ్రాఫరే యజమాని. కెనడా 2012లో తన చట్టాన్ని సవరించి ఈ రెండో వరుసలో చేరింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. భారతదేశంలో యాజమాన్యం జంటది కనుక, తన పనికి నమూనాగా ఆ ఫోటోలను ప్రచురించుకోవాలంటే ఫోటోగ్రాఫర్‌కు వారి అనుమతి కావాలి. బ్రిటన్‌లో యాజమాన్యం ఫోటోగ్రాఫర్‌దే అయినా, సొంత అవసరానికి తీయించుకున్నవారికి వాటిని ప్రజల ముందు పెట్టకుండా ఆపే హక్కును 1988 నాటి చట్టంలోని 85వ సెక్షన్ ఇస్తుంది, కనుక అక్కడా అనుమతి కావలసిందే. రెండు వ్యతిరేక దారులూ వచ్చి ఒకే షరతు దగ్గర కలుస్తాయి: ఏ ఫోటోలను, ఎక్కడ, పేర్లతోనా పేర్లు లేకుండానా, ఎప్పటినుంచి వాడుకోవచ్చో రాసి ఉండాలి. జంట చూసి ఒప్పుకున్న ఫోటోలను మాత్రమే, పిల్లల ముఖాలు లేకుండా వాడుకోవాలన్నది నేను సూచించే కనీస హద్దు. అవతలివైపు, యాజమాన్యం ఫోటోగ్రాఫర్ దగ్గరే ఉండే చోట, జంట స్వేచ్ఛగా ముద్రించుకోవడానికీ బంధుమిత్రులకు పంపుకోవడానికీ కాలపరిమితి లేని అనుమతి ఉందో లేదో చూసుకోవాలి.

వీడియోకు జోడించే పాట మాత్రం ఇద్దరిదీ కాదు. పేరున్న సినిమా పాటను అనుమతి లేకుండా హైలైట్స్ వీడియోకు పెడితే, దాన్ని సామాజిక మాధ్యమాల్లో ఉంచినప్పుడు ధ్వని ఆగిపోవచ్చు, వీడియోనే తొలగించవచ్చు. లైసెన్సు ఉన్న సంగీతాన్నే వాడాలని ఒక్క వాక్యం చాలు.

ఫోన్ సందేశాల్లో జరిగే మార్పుల గురించి కూడా ఒక మాట ఉండాలి. సంతకాల తరువాత ‘ఇంకో గంట ఉంటారా’, ‘డ్రోన్ కూడా పెట్టండి’ అని సందేశాలు వెళుతూనే ఉంటాయి. లిఖితపూర్వకంగా అడిగి, లిఖితపూర్వకంగా ఒప్పుకున్న మార్పులే చెల్లుతాయని రాస్తే, కళ్యాణవేదిక పక్కన హడావిడిలో తలూపిన దానికి ఎవరూ బందీలు కారు.

(తెర మీద: పత్రం చివరి పేజీ, ఒక తేదీ చుట్టూ ఎర్రగీత.)

పత్రం చివరన చిన్న అక్షరాల్లో సాధారణంగా ఒక గడువు కనిపిస్తుంది: ఫోటోలు అప్పగించిన ఇన్ని నెలల తరువాత ఫైళ్ళను దాచి ఉంచే బాధ్యత స్టూడియోకు ఉండదని. ఏటా డజన్ల కొద్దీ పెళ్ళిళ్ళ ఫైళ్ళను ఎవరూ శాశ్వతంగా దాచలేరు, కనుక ఇది తప్పదు. అయితే చెరిపివేయడానికి ముప్పై రోజుల ముందు జంటకు తెలియజేయాలని అక్కడ చేర్పించవచ్చు. ఆ తేదీని సంతకం పెట్టిన రోజే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, అది వచ్చేలోగా ఫోటోలను రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించి, ఒక డిస్కును మరో ఇంట్లో ఉంచండి.