గొంతు పోయేలోగా ఒక్క పాట

అందరికీ నమస్కారం.

అరవయ్యో దశకం మొదట్లో వచ్చిన పాప్, రాక్ రికార్డుల గురించి మాట్లాడమన్నారు. చిట్టా విప్పితే భోజనాల వేళకి 1961 కూడా దాటలేం. అందుకని ఒక్క పాట పట్టుకుంటాను. పేరు ‘ట్విస్ట్ అండ్ షౌట్’. మూడేళ్లలో అది నాలుగు రకాలుగా రికార్డయింది. పాట ఒకటే, రికార్డు మాత్రం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. పాట వేరు, రికార్డు వేరు అని నాకు తెలిసొచ్చింది దీనివల్లే.

ట్విస్ట్ అంటే మనకి ఇంటర్వెల్ ముందు వచ్చేది. అప్పట్లో అది డ్యాన్స్. వీపు మీద తువ్వాలు అడ్డంగా పట్టుకుని తుడుచుకుంటున్నట్టు నడుము తిప్పడం, అంతే. చబ్బీ చెకర్ పాడిన ‘ది ట్విస్ట్’ 1960లో అమెరికాలో నంబర్ వన్ అయింది, దిగిపోయింది, మళ్లీ 1962 జనవరిలో నంబర్ వన్ అయింది. ఆ ఊపులో ఎవరు పాట కట్టినా పేరులో ట్విస్ట్ తగిలించేవాళ్లు.

బెర్ట్ బెర్న్స్, ఫిల్ మెడ్లీ అనే ఇద్దరు కట్టిన ఈ పాట 1961లో అట్లాంటిక్ కంపెనీకి వెళ్లింది. పాడింది టాప్ నోట్స్ అనే జంట. రికార్డు చేయించింది ఫిల్ స్పెక్టర్, అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. ఇందాక వినిపించాను కదా, మీలో ఒకరిద్దరు మొహమాటానికి తల ఊపారు. పరుగో పరుగు. ఎక్కడా ఆగి ఊరించడం లేదు. బెర్న్స్‌కి అది అస్సలు నచ్చలేదు, జనానికీ నచ్చలేదు. స్పెక్టర్ చేతకానివాడా అంటే కాదు. రెండేళ్ల తర్వాత ‘బీ మై బేబీ’ లాంటి హిట్టు చేసింది ఆయనే.

1962లో బెర్న్స్ ఈసారి తనే దగ్గరుండి ఐస్లీ బ్రదర్స్ అనే అన్నదమ్ముల బృందంతో పాడించాడు. కిటుకంతా మధ్యలో ఉంది. పాట ఆగుతుంది. ఒక గొంతు ‘ఆ…’ అంటుంది. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. మెట్టు మెట్టుగా ఎక్కి, పైకి చేరాక ఒక్కసారిగా కేక. ఊరించడం అంటే ఇదీ. అమెరికా చార్టులో 17 దాకా వెళ్లింది.

ఆ రికార్డు విని నేర్చుకున్న లివర్‌పూల్ కుర్రాళ్లు, అదే బీటిల్స్ బృందం, దాన్ని తమ స్టేజీ పాట చేసుకున్నారు. ఆ రికార్డులో ఉన్న ట్రంపెట్లు వీళ్ల దగ్గర లేవు కాబట్టి ఆ పని గిటార్లకి అప్పగించారు.

ఇక 1963 ఫిబ్రవరి 11, సోమవారం, లండన్ ఆబీ రోడ్‌లో ఈఎంఐ స్టూడియో. బీటిల్స్‌కి ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ సింగిల్, అంటే పక్కకో పాట ఉండే చిన్న రికార్డు, హిట్టయింది. వేడి మీద ఉండగానే ఎల్‌పీ, అంటే చాలా పాటలుండే పెద్ద రికార్డు, కావాలి. నిర్మాత జార్జ్ మార్టిన్ మొదట లివర్‌పూల్‌లో వాళ్లు రోజూ వాయించే కావెర్న్ క్లబ్బులోనే రికార్డు చేద్దామా అనుకున్నాడు. ఆ నేలమాళిగలో ధ్వని కుదరదని తేలింది. సరే, క్లబ్బులో పాడేవే స్టూడియోలో వరసగా పాడేయండి అన్నాడు. మొత్తం పద్నాలుగు పాటలు. నాలుగు ముందే సింగిల్స్‌గా వచ్చేశాయి. మిగిలిన పది ఆ ఒక్కరోజే.

ఉదయం పదికి మొదలు. టేపు మీద ఉన్నవి రెండే ట్రాకులు, దాదాపుగా ఒకదాని మీద గొంతులు, రెండోదాని మీద వాయిద్యాలు. తర్వాత ముక్కలు అతికి సరిచేసుకునే వెసులుబాటు తక్కువ. మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్తే, వీళ్లు పాలు తాగి రిహార్సల్ చేసుకున్నారు. పైగా వాళ్లలో ముఖ్య గాయకుడు జాన్ లెనన్‌కి పట్టు జలుబు. గొంతు బిళ్లలు చప్పరిస్తూ పొద్దుటినుంచీ పాడుతున్నాడు.

రాత్రి పది దాటింది. ఇంకో పాట మిగిలింది. మార్టిన్ కావాలనే దీన్ని చివరికి పెట్టాడు. ఇది ముందే పాడితే మిగతా పాటలకి గొంతే ఉండదని ఆయనకి తెలుసు. లెనన్ కాసిని పాలు పుక్కిలించి మైకు ముందుకొచ్చాడు. ఒక్క టేకు. మార్టిన్ రెండోది కూడా ప్రయత్నించాడు గానీ, అప్పటికి గొంతు లేదు. మనం వినేది ఆ మొదటిదే.

మన శాస్త్రీయ సంగీతం పెద్దలు వింటే ‘ఇదేం పాట, గొంతు చించుకోవడం’ అంటారు. నిజమే, చిరిగింది. లెనన్‌కే చాలాకాలం ఆ రికార్డంటే సిగ్గు, ఇంకా బాగా పాడగలను కదా అని. నాకైతే ఆయన బాగా పాడకపోవడమే మన అదృష్టం అనిపిస్తుంది.

ఆ ఎల్‌పీ మార్చి 22న వచ్చింది, బ్రిటన్ చార్టులో ముప్పై వారాలు నంబర్ వన్‌గా కూర్చుంది. దాన్ని దింపింది కూడా వాళ్ల రెండో ఎల్‌పీయే.

ఇక్కడో అసలైన ట్విస్టు చెప్పాలి. 1962 జనవరి 1న బీటిల్స్ ఆడిషన్ విన్న డెక్కా అనే రికార్డు కంపెనీ, బీటిల్స్‌ని వద్దనుకుని, బ్రయాన్ పూల్ అండ్ ది ట్రెమెలోస్ అనే బృందాన్ని తీసుకుంది. ఏడాదిన్నర తర్వాత ఆ ట్రెమెలోస్ ఏ పాటతో బ్రిటన్‌లో నాలుగో స్థానానికి ఎక్కారో చెప్పండి? ‘ట్విస్ట్ అండ్ షౌట్’! వినిపిస్తాను. శుభ్రంగా ఉంటుంది. నిద్ర లేచి ముఖం కడుక్కుని వచ్చి పాడినట్టుంటుంది.

అమెరికాలో బీటిల్స్ రికార్డు 1964 మార్చిలో సింగిల్‌గా వచ్చి రెండో స్థానానికి చేరింది. ఏప్రిల్ 4 నాటి చార్టులో మొదటి ఐదు స్థానాలూ బీటిల్స్‌వే. ఐదు పాటల్లో ఇదొకటి. మూడేళ్ల కిందట ఎవరూ పట్టించుకోని పాట.

మన దగ్గర బీటిల్స్ రికార్డులు అచ్చయింది కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో, గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీలో. మన ఘంటసాల పాటలకీ పుట్టిల్లు అదే.

ఇప్పుడు ముల్లు పెడుతున్నాను. రెండున్నర నిమిషాలే. ఆఖర్న గిటార్లు ఆగాక చెవి రిక్కించండి. వెనక పాల్ మెకార్ట్‌నీ ‘హే’ అంటాడు. పొద్దుటినుంచీ పదో పాట అయిపోయింది కదా, అదీ ఆ కేక.