గ్యాస్ సంగతి తర్వాత, ముందు గాలి చూడండి: మోటార్‌హోమ్ పైకప్పు ఏసీ సర్వీసింగ్ రివ్యూ

నమస్కారం. ఈ రోజు రివ్యూకి తీసుకున్నది మోటార్‌హోమ్ (లోపల ఇల్లులా ఉండే బండి) పైకప్పు మీద ఉండే ఏసీ, 13,500 బీటీయూ రకం. బీటీయూ అంటే ఏసీ చల్లబరిచే శక్తికి కొలత. అమెరికాలో తిరిగే క్లాస్ సి అనే మధ్యరకం మోటార్‌హోమ్‌లలో తరచుగా కనిపించేది ఇదే. కొత్త ఏసీ ఎంత చల్లగా ఉందో చూపించే వీడియోలు చాలానే ఉన్నాయి. నేను మాత్రం కొన్ని వేసవులు తిరిగిన ఏసీని మీ ముందు విప్పుతాను. ఇందులో మన చేత్తో ఏం శుభ్రం చేసుకోవచ్చు, ఏ సామాను కొనాలి, దేన్ని అసలు ముట్టుకోకూడదు, అన్నీ చూద్దాం.

నా తీర్పు ముందే చెప్పేస్తున్నాను. సర్వీసు చేసుకోవడానికి ఇది చాలా సులువైన యంత్రం. ఒక స్క్రూడ్రైవరు, ఒక థర్మామీటరు, ఒక పూట ఓపిక ఉంటే సగం పైగా పని అయిపోతుంది. అలాంటిదాన్ని "పోయింది" అనుకుని వెయ్యి డాలర్లకు అటూ ఇటూ పెట్టి కొత్తది బిగించుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఈ వీడియో వాళ్ల కోసమే.

మన ఊళ్లలో ఏసీ చల్లగా లేదంటే మొదట వినిపించే మాట "గ్యాస్ తగ్గింది, కొట్టించాలి" అని. ఆ అలవాటు ఇక్కడ పక్కన పెట్టండి. ఈ పైకప్పు ఏసీలో గ్యాస్ ఫ్యాక్టరీలోనే నింపి, రాగి గొట్టాన్ని మూసి అతికేస్తారు. ఇంట్లో స్ప్లిట్ ఏసీకి ఉన్నట్టు గ్యాస్ ఎక్కించే వాల్వు చాలా మోడళ్లకు ఉండదు. గొట్టం ఎక్కడా పగలకపోతే ఆ గ్యాస్ ఎన్నేళ్లయినా అందులోనే ఉంటుంది. పైగా అమెరికాలో రిఫ్రిజెరెంట్ గొట్టాలు విప్పి పని చేయాలంటే ఈపీఏ (అక్కడి పర్యావరణ సంస్థ) 608 సర్టిఫికెట్ ఉండాలి. పాత బండ్లలో ఉండే ఆర్-22 గ్యాస్ కొత్తగా తయారు చేయడం, దిగుమతి చేసుకోవడం 2020 జనవరి 1 నుంచి ఆగిపోయింది. కాబట్టి ఎవరైనా పైకి ఎక్కీ ఎక్కగానే గ్యాస్ మాట ఎత్తితే, "ఏం కొలిచి చెబుతున్నారు?" అని అడగండి.

కొలవడం ఎలాగో చూపిస్తాను. ఏసీని ఎక్కువ ఫ్యాన్ వేగం మీద అరగంట నడపండి. లోపల సీలింగుకు ఉన్న ఈ జాలీలోంచి గాలి పైకి వెళుతుంది. ఇక్కడ ఒక రీడింగు. ఏసీకి అన్నిటికంటే దగ్గరగా ఉన్న వెంటు నుంచి చల్లగాలి వస్తుంది. అక్కడ ఇంకో రీడింగు. రెండింటి మధ్య 16 నుంచి 22 ఫారన్‌హీట్ డిగ్రీల తేడా ఉంటే మీ ఏసీ ఆరోగ్యంగా ఉన్నట్టే. గాలిలో తేమ ఎక్కువగా ఉండే హ్యూస్టన్ లాంటి చోట తేడా 16కు దగ్గరగా ఉంటుంది, పొడిగాలి ఉండే అరిజోనాలో పైకి పోతుంది.

ఈ తేడాను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. బయట ఎండకూ లోపలి చల్లదనానికీ మధ్య ఇరవై డిగ్రీలే తేడా వస్తుందని అనుకుంటారు. ఈ కొలత జాలీలోకి వెళ్లే గాలికీ, వెంటు నుంచి వచ్చే గాలికీ మధ్యది. ఒకసారి చల్లబడిన గాలే మళ్లీ లోపలికి వెళ్లి ఇంకా చల్లబడుతుంది. ఫీనిక్స్‌లో 2023 వేసవిలో వరుసగా 31 రోజులు ఎండ 110 డిగ్రీలను తాకింది లేదా దాటింది, అంటే మన లెక్కలో 43 సెల్సియస్ పైన. అలాంటి ఎండలో పలుచటి గోడల బండి లోపల 80 డిగ్రీలు నిలబడితే ఆ ఏసీ గొప్పగా పని చేస్తున్నట్టు. మన ఇళ్ల లెక్కలో 12,000 బీటీయూ అంటే ఒక టన్ను. అంటే ఇది టన్నుకు కాస్త ఎక్కువ, అంతే. దాని నుంచి ఆశించాల్సింది కూడా ఆ మేరకే.

తేడా పది పన్నెండు డిగ్రీలే వస్తోందా? అప్పుడు ముందు గాలి దారి చూడండి. జాలీ వెనక ఈ స్పాంజి ఫిల్టరు ఉంది కదా, ఏసీ రోజూ నడిచే కాలంలో రెండు వారాలకోసారి దీన్ని గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టాలి. పెంపుడు కుక్క ఉన్నవాళ్లు, బండిలో తాలింపులు వేసుకునేవాళ్లు వారానికోసారి. తాలింపు మాట ఊరికే అనలేదు. నూనె ఆవిరి ఫిల్టరు దాటి లోపలి కాయిల్‌కు (గాలిని చల్లబరిచే గొట్టాల వరసకు) పట్టుకుంటుంది, దాని మీద దుమ్ము అతుక్కుంటుంది. వంట చేసేటప్పుడు ఏసీ ఆపి, గాలిని బయటికి పంపే పైకప్పు వెంట్ ఫ్యాన్ తిప్పండి. మన వంటలకు ఇది తప్పనిసరి.

ఫిల్టరు తీశాక ఈ కవరు మొత్తం దించండి, నాలుగు స్క్రూలే. ఇప్పుడు కెమెరాను జాగ్రత్తగా చూడండి, ఈ వీడియోలో నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది ఇదే. ఈ పక్క నుంచి వేడిగాలి పైకి పోతుంది, ఆ పక్క నుంచి చల్లగాలి కిందికి వస్తుంది. రెండింటి మధ్య ఒక అడ్డుపలక ఉంది. దీని అంచుల్లో సందులు కనిపిస్తున్నాయా? వేలు పట్టేంత సందు. ఇటు వచ్చిన చల్లగాలి మీ దాకా రాకుండా ఈ సందులోంచి అటు జారి, మళ్లీ పైకి వెళ్లిపోతుంది. చల్లబడిన గాలినే మళ్లీ మళ్లీ చల్లబరిచి, కాయిల్ మీద మంచు గడ్డకట్టేస్తుంది. కాసేపటికి వెంటులోంచి గాలి రావడం కూడా ఆగిపోతుంది. అప్పుడు "గ్యాస్ పోయింది" అంటారు! మంచు కట్టిన ఏసీని ఆపి, ఫ్యాన్ మాత్రం తిప్పితే కరిగిపోతుంది. కానీ ఈ సందు మూయకపోతే రేపు మళ్లీ అదే కథ.

దీనికి అల్యూమినియం రేకు టేపు కొనండి. ప్యాకెట్ మీద యూఎల్ 181 (గాలి గొట్టాల టేపులకు ఉండే ప్రమాణం) అని ఉండాలి. బూడిదరంగు గుడ్డ టేపు వద్దు. చల్లదనం, చెమ్మ, వేడి మారుతూ ఉంటే దాని జిగురు ఊడిపోతుంది. అతికించేముందు స్పిరిట్‌తో తుడిచి, గోరుతో గట్టిగా రుద్దండి. గాలి గొట్టాలు సీలింగులో కలిసే మూలలు కూడా వదలొద్దు. ఈ రివ్యూలో పెట్టిన డబ్బుకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే వస్తువు ఇదే. కొత్త బండిలోనూ ఒకసారి విప్పి చూసుకోవడం మంచిది.

ఇక పైకి వెళదాం. ఎక్కే ముందు కరెంటు తీగ పీకేయండి, జనరేటరు ఆపండి. మీ బండిలో జనరేటరు తనంతట తాను స్టార్టయ్యే ఏర్పాటు ఉంటే దాన్ని కూడా ఆఫ్ చేయండి. మీరు పైన ఉండగా ఫ్యాన్ తిరగడం మొదలైతే వేళ్లు పోతాయి. తడి పైకప్పు మీద కాలు పెట్టకండి, బరువు ఒకచోట పడకుండా ప్లైవుడ్ పలక వేసుకుని దాని మీద మోకరించండి.

ఈ ప్లాస్టిక్ టోపీ ఎండకు పెళుసెక్కుతుంది. స్క్రూలు బిగించేటప్పుడు బలం చూపిస్తే మూలలు పగులుతాయి. లోపల చూడండి, మూలన మట్టిగూళ్లు. టెక్సస్‌లో కందిరీగలకు ఇది ఇష్టమైన చోటు. గూళ్లు తీసేసి, ఫ్యాన్ రెక్కలకు ఏమీ తగలకుండా చేత్తో ఒకసారి తిప్పి చూడండి.

వెనక ఉన్న ఈ పెద్ద కాయిల్ వేడిని బయటికి వదిలేది. దీనికి దుమ్ము పడితే వేడి పోదు, కంప్రెసర్ మీద భారం పడుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, మధ్యాహ్నం బ్రేకరు పడిపోతుంది. శుభ్రం చేయడానికి గిన్నెల సబ్బు కలిపిన నీళ్లు, మెత్తటి బ్రష్, తోట గొట్టంలోంచి సన్నగా వచ్చే నీళ్లు చాలు. లోపలి వైపు నుంచి బయటికి కడగండి. ప్రెషర్ వాషర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, కాయిల్ మీది పలుచటి రేకు రెక్కలన్నీ ఒకేసారి పడుకుంటాయి. మోటారు, వైర్ల పెట్టె ముందే ప్లాస్టిక్ సంచితో కప్పండి. యాసిడ్ ఉన్న క్లీనర్లు వద్దు, అల్యూమినియాన్ని తింటాయి. పైకప్పు రబ్బరు రకమైతే పెట్రోలియం కలిసిన ద్రావకాలూ పడకూడదు.

లోపలి కాయిల్ కోసం "కడగక్కర్లేదు" అని రాసి ఉన్న నురుగు స్ప్రేలు అమ్ముతారు. వాటి పని తీరు మీరు ఉండే చోటును బట్టి ఉంటుంది. ఏసీ నడిచినప్పుడు కాయిల్ మీద చెమర్చే నీళ్లే ఆ నురుగును కడిగేస్తాయి. హ్యూస్టన్ తేమలో అది చక్కగా జరుగుతుంది. అరిజోనా ఎడారిలో కాయిల్ అంతగా చెమర్చదు, నురుగు అక్కడే ఎండిపోతుంది. అలాంటి చోట చిన్న పిచికారీ డబ్బాతో మంచినీళ్లు కొట్టి కడగండి.

కాయిల్ మీద వంగిన రెక్కలు సరిచేసే ఈ దువ్వెన కూడా నాకు నచ్చింది, ఒక షరతు మీద. అంగుళానికి ఎన్ని రెక్కలు ఉన్నాయో లెక్కపెట్టి, దానికి సరిపోయే పళ్ల వైపే వాడాలి. సరిపోని పళ్లతో లాగితే ఉన్న రెక్కలు చిరుగుతాయి.

ఇప్పుడు నీళ్ల సంగతి. సీలింగు నుంచి చుక్కలు పడుతున్నాయని చాలామంది హడావిడిగా పైకెక్కి ఏసీ చుట్టూ సీలెంట్ పూసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఏసీలో ఊరే నీళ్లు కింద పళ్లెంలో చేరి, అక్కడి నుంచి పైకప్పు మీదికే జారిపోతాయి. చుట్టూ పూసేస్తే ఆ దారి మూసేసినట్టే, నీళ్లు బండిలోకే దిగుతాయి. ముందు ఇది గమనించండి: ఎండ రోజున, ఏసీ నడుస్తున్నప్పుడే చుక్కలు పడితే పళ్లెం రంధ్రాలు పూడిపోయి ఉంటాయి, లేదా బండి ఒక పక్కకు ఒరిగి నిలబడి ఉంటుంది. ఏసీ ఆగి ఉండగా వాన తర్వాత పడితే గ్యాస్కెట్ నలిగిపోయినట్టు.

గ్యాస్కెట్ అంటే ఏసీకీ పైకప్పుకీ మధ్య, 14 అంగుళాల చదరపు కంత చుట్టూ ఉండే మెత్తటి స్పాంజి దిమ్మ. లోపలి నుంచి నాలుగు పొడుగాటి బోల్టులు దీన్ని అదిమి పట్టుకుంటాయి. రోడ్డు కుదుపులకు బోల్టులు వదులవుతాయి. ఏడాదికోసారి నాలుగింటినీ మూల మార్చి మూల, కొంచెం కొంచెంగా బిగించండి. 40 నుంచి 50 అంగుళం-పౌండ్లు చాలు. అది చాలా తక్కువ బలం, మణికట్టుతో తిప్పితే సరిపోతుంది. దిమ్మ అర అంగుళం మందానికి నలిగితే ఆపండి. అంతకంటే బిగిస్తే ఏసీ అడుగు రేకు వంగుతుంది, పైకప్పు దిగుతుంది, శబ్దమూ పెరుగుతుంది.

కరెంటు దగ్గరికి వద్దాం. జూలై మధ్యాహ్నం క్యాంపుగ్రౌండు నిండా ఏసీలు నడుస్తుంటే 120 వోల్టులు ఉండాల్సిన చోట 105 కనిపిస్తుంది. మన పల్లెల్లో లో వోల్టేజీకి మోటార్లు కాలిపోవడం ఎరిగినవాళ్లకు దీని ప్రమాదం చెప్పనక్కర్లేదు. వోల్టేజీ తగ్గితే కంప్రెసర్ ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది, దాని మోటారులోని తీగచుట్టల పూత మాడిపోతుంది. గోడకు పెట్టుకునే చిన్న వోల్టుమీటరు తప్పకుండా కొనండి. 105 దగ్గరికి వస్తే ఏసీ ఆపేయండి. చేతిలో డబ్బుంటే ప్రోగ్రెసివ్ ఇండస్ట్రీస్ వారి ఈఎంఎస్ లాంటి కరెంటు రక్షణ పరికరం పెట్టించుకోండి. వోల్టేజీ 104 కంటే తగ్గినా, 132 దాటినా అదే కరెంటు కట్ చేస్తుంది. ఏసీ ఆపిన వెంటనే మళ్లీ వేయకండి, మూడు నిమిషాలు ఆగండి.

ఫ్యాన్ తిరుగుతోంది, కంప్రెసర్ మాత్రం "మ్..." అని మూలిగి ఆగిపోతోంది అంటే నా మొదటి అనుమానం కెపాసిటర్ మీదే. కంప్రెసర్ స్టార్టవడానికి ఊతమిచ్చే, తక్కువ ఖర్చుతో దొరికే డబ్బా అది. కరెంటు తీసేసినా అందులో ఛార్జి మిగిలి ఉంటుంది, షాకు గట్టిగా కొడుతుంది. దాన్ని సురక్షితంగా ఖాళీ చేసి, మీటరుతో దాని మైక్రోఫారడ్లు (ఛార్జి పట్టే సామర్థ్యం) కొలవడం వచ్చినవాళ్లే చేయి పెట్టాలి. రాకపోతే ఆ ఒక్క పనికి మెకానిక్‌ను పిలవండి.

చివరి వస్తువు సాఫ్ట్ స్టార్టరు. నేను చూసింది మైక్రో-ఎయిర్ ఈజీస్టార్ట్ 364, నేను చూసినప్పుడు ధర సుమారు 300 డాలర్లు. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో 60 ఆంపియర్ల వరకు లాగుతుంది, తర్వాత 12, 13కి దిగుతుంది. ఈ పరికరం ఆ మొదటి దెబ్బను బాగా తగ్గిస్తుంది. దానివల్ల హోండా ఈయూ2200ఐ లాంటి చిన్న జనరేటరు మీద కూడా ఏసీ స్టార్టవుతుంది. బిగించాక మొదటి ఐదు స్టార్టుల్లో అది మీ కంప్రెసర్ తీరును నేర్చుకుంటుంది కాబట్టి వాటిని మంచి కరెంటు మీదే చేయించండి. ఎప్పుడూ క్యాంపుగ్రౌండు కరెంటు మీదే నిలిపేవాళ్లకు ఇది అవసరం లేదు. అడవుల్లో, ఎడారిలో నిలిపేవాళ్లు కొనొచ్చు. కానీ ఆ జనరేటరు నిలకడగా ఇచ్చేది 1,800 వాట్లే, ఏసీతో పాటు మైక్రోవేవ్ వేస్తే ఆగిపోతుంది. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు 7,000 అడుగుల ఎత్తు, అక్కడ పలుచటి గాలికి జనరేటరు బలం ఇంకా తగ్గుతుంది.

బండిలోనే ఓనాన్ కంపెనీ జనరేటరు ఉన్నవాళ్లు నెలకోసారి రెండు గంటలు దాన్ని సగం లోడు మీద నడపాలి. ఆ లోడు కోసం ఏసీనే వేయండి, రెండూ ఒకేసారి పరీక్ష అయిపోతాయి.

సెలవులకు అద్దెకు తీసుకునేవాళ్లకు ఒక్క మాట. తాళాలు తీసుకునే ముందు అక్కడే కరెంటు పెట్టించి, ఏసీ అరగంట నడిపించి, నేను చూపిన రెండు రీడింగులు ఫోనులో ఫొటో తీసుకోండి. డ్రైవరు ముందున్న డాష్‌బోర్డు ఏసీ వేరు, అది ఇంజను మీద నడిచేది. అది చల్లగా ఉందని పైది కూడా బాగున్నట్టు కాదు.

గాలి దారి, కాయిల్, వోల్టేజీ, కెపాసిటర్ అన్నీ సరిగా ఉండి, తేడా ఇంకా పది దాటకపోతే, లేదా కొత్త కెపాసిటర్‌తో కూడా కంప్రెసర్ బ్రేకరు పడేస్తుంటే, అప్పుడు మార్చండి. పైకప్పు కంత 14 అంగుళాల ప్రామాణిక కొలత కాబట్టి ఏ కంపెనీ ఏసీ అయినా అందులో కూర్చుంటుంది. కానీ లోపలి సీలింగు పెట్టె, థర్మోస్టాట్ వైర్లు కంపెనీకీ కంపెనీకీ మారతాయి. డోమెటిక్ తీసి కోల్‌మన్ పెడితే ఆ రెండూ కూడా మార్చాల్సి రావచ్చు. ఆర్డరు పెట్టే ముందు పాతదాని మీదున్న ప్లేటు ఫొటో తీసి, ఆ మోడల్ నంబరుకు సరిపోయే సీలింగు పెట్టె ఏదో దుకాణంలో అడిగి, కొత్త గ్యాస్కెట్‌తో సహా ఒకేసారి తెప్పించుకోండి.